బెలుం మెట్ల మీద మొదటి నిమిషం



నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో బెలుం అనే ఊరు ఉంది. ఆ ఊరి దగ్గర చదునైన చేల మధ్య నేల ఒక్కసారిగా బావిలా దిగిపోతుంది. మెట్లు దిగినకొద్దీ సున్నపురాతిని నీరు తొలిచిన దారులు, మలుపులు, తల వంచుకుని నడవాల్సిన ఇరుకులు, ఆపైన ఉన్నట్టుండి విశాలమైన గదులు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహల గురించి లోకానికి చెప్పాడు. దాదాపు వందేళ్ళ తర్వాత, 1980ల తొలినాళ్ళలో, డేనియల్ గెబావర్ నాయకత్వాన జర్మన్ గుహాన్వేషకులు వచ్చి వివరంగా కొలిచారు. మొత్తం పొడవు 3,229 మీటర్లని లెక్క తేలింది. 2002లో పర్యాటకులకు తెరిచారు. కోటిలింగాలు, సప్తస్వరాల గుహ, ధ్యానమందిరం, పిల్లిద్వారం చూసుకుంటూ వెళ్ళేవాళ్ళకు అన్నిటికన్నా లోతైన చోటు పాతాళగంగ. అది నేలమట్టానికి 46 మీటర్ల కింద ఉంది.

అంత లోతుకు దిగిన ప్రతి మనిషీ మళ్ళీ పైకి ఎక్కాలి. ఈ ప్రసంగం ఆ ఎక్కే మనిషి గురించి.

గుహలోకి గొట్టాల ద్వారా బయటిగాలి పంపే ఏర్పాటు ఉంది. అయినా లోపల ఉక్కపోత తప్పదు. గాలినిండా తేమ ఉన్నప్పుడు చెమట పడుతుంది గానీ ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. గుండె ఎక్కువ పని చేయాల్సి వస్తుంది. మే నెల అనుకుందాం. ఏదో ఊరినుంచి బస్సు మాట్లాడుకుని వచ్చిన బంధువుల గుంపులో యాభై ఐదేళ్ళ పెద్దమనిషి ఒకాయన పాతాళగంగ చూసి మెట్లెక్కుతూ, మధ్యలో గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడనుకుందాం. చొక్కా తడిసి ముద్దయింది. మొహం పాలిపోయింది. ‘ఏం లేదు, రవ్వంత కండ్లు తిరిగినాయి’ అంటున్నాడు.

అప్పుడు చుట్టూ ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. ఒకరు తల పైకెత్తి నోట్లో నీళ్ళు పోస్తారు. ఇంకొకరు చెంపలు తడతారు. నలుగురు కలిసి కాళ్ళూ చేతులూ పట్టుకుని ఎత్తేస్తారు, లేదా రెండు చంకల్లో చేతులు వేసి నడిపించుకుంటూ మెట్లెక్కిస్తారు. ప్రతి పనీ మంచి మనసుతో చేసేదే. కానీ అత్యవసర వైద్యంలో ఎత్తడం కంటే ముందు చేయాల్సిన పని చూడటం. దానికి ఒక వరుస ఉంది. 108 వాహనంలో వచ్చే సిబ్బందికి ఆ వరుసనే పేషెంట్ అసెస్‌మెంట్ పేరుతో నేర్పుతారు. అందులో చాలా భాగానికి పరికరాలు అక్కర్లేదు. కళ్ళూ చెవులూ చేతివేళ్ళూ చాలు. గుహ దగ్గర గైడు, కొలిమిగుండ్ల నాపరాతి గనిలో మేస్త్రీ, ఆళ్లగడ్డ శిల్పశాలలో ఉలి పట్టిన పనివాడు, పిల్లల్ని విహారయాత్రకు తెచ్చిన మాస్టారు, ఎవరైనా చేయగలరు.

ఈ వరుస ఇంత పట్టుదలగా నేర్పడం వెనక ఒక తండ్రి దుఃఖం ఉంది. 1976 ఫిబ్రవరిలో అమెరికాలో జేమ్స్ స్టైనర్ అనే ఎముకల డాక్టరు తన చిన్న విమానాన్ని తానే నడుపుకుంటూ కుటుంబంతో ఇంటికి వెళుతున్నాడు. నెబ్రాస్కా రాష్ట్రంలో రాత్రివేళ విమానం పొలంలో కూలిపోయింది. భార్య అక్కడే చనిపోయింది. నలుగురు పిల్లల్లో ముగ్గురికి ప్రమాదకరమైన దెబ్బలు. తనకూ గాయాలయ్యాయి. ఎలాగో పిల్లల్ని దగ్గరి చిన్న ఆసుపత్రికి చేర్చాడు. ఏది ముందు చూడాలో, ఏది తర్వాత చూడాలో అక్కడివాళ్ళకు పద్ధతి తెలియదని ఆయనకు అర్థమైంది. పొలంలో చీకట్లో తాను చేసినదానికంటే ఆసుపత్రిలో జరిగింది తక్కువగా ఉందని ఆయన బాధపడ్డాడు. కోపంతో ఊరుకోలేదు. తోటి డాక్టర్లు, నర్సులతో కలిసి శిక్షణ తయారుచేశాడు. 1978లో నెబ్రాస్కాలో మొదటి తరగతి జరిగింది. ఈరోజు ప్రపంచమంతా డాక్టర్లు నేర్చుకునే ఏటిఎల్ఎస్ శిక్షణ అదే. దాని సారం చాలా సూటిగా ఉంటుంది: ఏది ముందుగా ప్రాణం తీస్తుందో దాన్నే ముందుగా వెతకాలి. గాలి వెళ్ళే దారి, తర్వాత ఊపిరి, తర్వాత రక్తం తిరగడం, తర్వాత తెలివి. విరిగిన ఎముకలు, చెక్కుకుపోయిన చర్మం ఆ తర్వాతే. రక్తం ధారగా చిమ్ముతుంటే మాత్రం, ఇప్పటి పద్ధతిలో, అన్నిటికంటే ముందు దాన్ని గట్టిగా నొక్కిపట్టాలి.

అయితే వీటన్నిటికంటే ముందు ఒక చూపు ఉంది. అది మనిషి మీద కాదు, చోటు మీద.

తెలుగునేల మీద ఈ చూపు తప్పినందుకు ఎన్ని ఇళ్ళు చీకటైపోయాయో వార్తలు వినేవాళ్ళకు తెలుసు. పాతబావిలో పూడిక తీయడానికో మోటారు బాగుచేయడానికో ఒకరు దిగుతారు. సొమ్మసిల్లి పడిపోతారు. ఆయన్ని తేవడానికి అన్న దిగుతాడు. అన్న కోసం కొడుకు దిగుతాడు. ముగ్గురూ పైకి రారు. బొగ్గుపులుసు వాయువు గాలికంటే బరువు కాబట్టి అడుగున నిలుస్తుంది. మురుగు కుళ్ళినచోట హైడ్రోజన్ సల్ఫైడు పుడుతుంది. అది మోతాదు మించితే ముక్కుకు వాసన కూడా తెలియకుండా చేస్తుంది. లాంతరు దించి, ఆరిపోకపోతే భయం లేదనుకోవడం పాత అలవాటు. దీపం ఆరితే ప్రాణవాయువు తగ్గిందని తెలుస్తుంది, నిజమే. కానీ హైడ్రోజన్ సల్ఫైడు ఉన్నదీ లేనిదీ దీపం చెప్పలేదు. మీథేన్ ఉంటే ఆ దీపమే మంట పెడుతుంది. అందుకే దిగకుండా కేకవేయడం, అగ్నిమాపక కేంద్రానికి 101కి ఫోన్ చేయడం, గాలి గొట్టం, తాడూ సిద్ధమయ్యేదాకా మిగతావాళ్ళను ఆపడం, ఇదంతా పేషెంట్‌ను చూడటంలో మొదటి భాగమే. బెలుంలో దీపాలూ గాలి గొట్టాలూ ఉన్నంతవరకే పర్యాటకుల్ని వెళ్ళనిస్తారు. కంచె దాటిన చీకటి దారిలో ఎవరైనా పడిపోతే, వెనకాలే పరుగెత్తే స్నేహితుడు కూడా ఇంకో పేషెంట్ కావచ్చు.

మెట్ల మీద కూర్చున్న పెద్దమనిషి దగ్గరికి వద్దాం. చోటు బాగానే ఉంది, తడి మెట్లు తప్ప. జనాన్ని నాలుగడుగులు వెనక్కి జరపాలి. ఒక్కరే ఆయన ఎదురుగా, ఆయన కళ్ళకు సమానంగా కూర్చోవాలి. నిలబడి పైనుంచి అడిగితే ఆయన తల పైకెత్తాలి. ఆ కాస్త కదలికకే కొందరికి మళ్ళీ కళ్ళు తిరుగుతాయి.

‘అన్నా, నా మాట ఇనపడుతోందా? నీ పేరేంది?’

ఈ ఒక్క ప్రశ్న చాలా పనులు చేస్తుంది. ఆయన పేరు సరిగ్గా చెప్పాడంటే గాలి దారి తెరిచే ఉంది, ఊపిరి ఆడుతోంది, మెదడుకు రక్తం అందుతోంది. పలకకుండా కళ్ళు మాత్రం తెరిచాడంటే ఒక మెట్టు కిందికి దిగినట్టు. పిలుపుకు కదలక, భుజం పైకండను గట్టిగా నొక్కితేనే మూలిగాడంటే ఇంకో మెట్టు. దానికీ కదలకపోతే అది ఆఖరి మెట్టు. మెలకువ, పిలుపు, నొప్పి, ఏమీ లేదు. 108 సిబ్బంది స్పృహను కొలిచే తొలి కొలత ఇదే. ఆసుపత్రిలో ఇంకా సూక్ష్మంగా కొలుస్తారు. 1974లో స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరంలో గ్రాహం టీస్‌డేల్, బ్రయన్ జెన్నెట్ అనే ఇద్దరు డాక్టర్లు కళ్ళు తెరవడం, మాట, కదలిక అనే మూడింటికి మార్కులు వేసే పద్ధతి చెప్పారు. కనిష్ఠం 3, గరిష్ఠం 15. ఎనిమిదికి తగ్గితే నాలుక వెనక్కిపడి గాలి దారి మూసుకుపోయే భయం ఎక్కువ. ఈ అంకెల విలువ ఎక్కడ తెలుస్తుందంటే, నంద్యాల నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి పేషెంట్‌ను పంపేటప్పుడు. ‘తెలివి అంతంత మాత్రంగా ఉంది’ అంటే ఒక్కొక్కరికి ఒక్కోలా అర్థమవుతుంది. ‘గంట కింద 14, ఇప్పుడు 11’ అంటే విన్న డాక్టరు అక్కడ అప్పుడే స్కానింగు గది సిద్ధం చేయిస్తాడు.

తర్వాత ఊపిరి. చాతీ లేస్తోందా, రెండువైపులా సమానంగా లేస్తోందా చూడాలి. పెద్దవాళ్ళు కుదురుగా ఉన్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. ‘నీ ఊపిరి లెక్కపెడతా’ అని చెబితే మనిషి తెలియకుండానే ఊపిరి మార్చేస్తాడు. అందుకే అనుభవజ్ఞులు మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్నట్టే ఉంటూ కళ్ళతో చాతీని లెక్కపెడతారు. ఇంకో తేలిక గుర్తు మాటలోనే ఉంది. వాక్యం మొత్తం ఒక్క ఊపిరిలో చెప్పగలుగుతున్నాడా, రెండేసి మాటలకు ఆగి గాలి పీలుస్తున్నాడా? గురక లాంటి చప్పుడు వస్తే నిద్ర అనుకోకూడదు. తెలివి లేని మనిషి గురక పెడుతున్నాడంటే నాలుక గొంతుకు అడ్డం పడుతోందని అర్థం. గడ్డం మెల్లగా పైకెత్తితే చాలాసార్లు ఆ చప్పుడు పోతుంది.

ఒక విషయం మాత్రం నొక్కి చెప్పాలి. గుండె ఆగిపోయిన తొలి నిమిషాల్లో కొందరు అప్పుడప్పుడు నోరు తెరిచి ఎగశ్వాసలాగా గాలి పీలుస్తారు. చుట్టూ ఉన్నవాళ్ళు ‘ఊపిరి ఉంది, ఊపిరి ఉంది’ అని ఆగిపోతారు. అది ఊపిరి కాదు. పలకని మనిషి సరిగ్గా శ్వాసించకపోతే, ఒకరు 108కి ఫోన్ చేస్తుండగా ఇంకొకరు చాతీ నడిమధ్య రెండు చేతులతో, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతు నొక్కడం మొదలుపెట్టాలి.

మన పెద్దమనిషి మాట్లాడుతున్నాడు, కాబట్టి మూడో చూపుకు వెళ్ళవచ్చు: రక్తం ఎలా తిరుగుతోంది? మణికట్టు దగ్గర బొటనవేలి వైపు రెండు వేళ్ళు ఆనించాలి. నాడి అందుతోందా, వేగంగా ఉందా, సన్నగా దారంలా ఉందా, లయ తప్పుతోందా? చేయి వెచ్చగా ఉందా, చల్లగా జిగటగా ఉందా? గోరును నొక్కి వదిలితే తెల్లబడినచోట రెండు సెకన్లలోపు ఎరుపు తిరిగి రావాలి. బెలుంలో ఇక్కడే ఒక చిక్కు ఉంది. గుహ అందం కనిపించాలని లోపల పసుప్పచ్చ దీపాలు పెట్టారు. ఆ వెలుగులో పాలిపోయిన మొహమూ బంగారంలానే కనిపిస్తుంది. నీలంబారిన పెదవీ మామూలుగానే ఉంటుంది. అందుకని సెల్‌ఫోన్ తెల్లటి టార్చి వేసి చూడాలి. మన చామనఛాయ, నల్లటి ఒంటికి చర్మం కంటే పెదవి లోపలివైపు, కింది కనురెప్ప లోపల, గోళ్ళ కింద నిజం తెలుస్తుంది. ఆసుపత్రుల్లో నేర్చుకునేవాళ్ళు కూడా తరచుగా మరిచిపోయే మాట ఇది.

ఇప్పుడు అసలు చిక్కు. చెమటలు, కళ్ళు తిరగడం, నీరసం. ఇవి మూడు వేర్వేరు ఆపదల్లో ఒకేలా కనిపిస్తాయి. ఎండదెబ్బకు తొలిమెట్టయిన నీరసం కావచ్చు. గుండెపోటు కావచ్చు. చక్కెర పడిపోవడం కావచ్చు. మొదటిదానికి విశ్రాంతి, చల్లదనం, నీళ్ళు. రెండోదానికి ఒక్క మెట్టు కూడా ఎక్కించకూడదు. మూడోదానికి అప్పటికప్పుడు తీపి పెట్టాలి. మందు ఇంత వేరుగా ఉన్నప్పుడు ఏది అన్నది తేల్చడం ఎలా? ఇక్కడ నోటిమాటే సగం వైద్యం.

‘యాడ నొస్తాంది? ఎప్పుడు మొదలైంది? అప్పుడేం చేస్తాంటివి?’ నొప్పి అని అడిగితే చాలామంది లేదంటారు. రాయలసీమలోనైనా కోస్తాలోనైనా గుండెపోటు తొలి పేరు గ్యాస్. ‘గ్యాస్ పట్టింది, సోడా తాగితే పోతుంది’ అని ఇంట్లోవాళ్ళూ నమ్ముతారు. అందుకని నొప్పి అనకుండా, బరువుగా ఉందా, పట్టేసినట్టుందా, మంటగా ఉందా, ఎడమచేతికో దవడకో వీపుకో పాకుతోందా అని విడివిడిగా అడగాలి. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళకూ ఆడవాళ్ళకూ గుండెనొప్పి లేకుండానే గుండెపోటు వచ్చే సందర్భాలు ఉన్నాయి. ఉత్త ఆయాసం, చల్లచెమటలు, వాంతి, ఎన్నడూ లేని నీరసం, ఇంతే కనిపిస్తాయి. ఆ వయసులో, ఆ మెట్ల మీద, చల్లచెమటలు పడితే గుండె కాదని తేలేదాకా గుండే అనుకోవాలి.

తర్వాత జేబు. ఆయన చొక్కా జేబులోనో భార్య చేతిసంచిలోనో మాత్రల కవరు ఉంటుంది. దాన్ని బయటికి తీయించాలి. గ్లిమెపిరైడ్ అని ఉంటే అది చక్కెరను దించే మాత్ర. పొద్దున్నే మాత్ర వేసుకుని, బస్సుకు టైమవుతోందని టిఫిన్ మానేసి, మధ్యాహ్నం దాకా గుహలో నడిచినవాడికి చక్కెర 70 కంటే దిగడం వింతేమీ కాదు. వణుకు, తికమక, పొంతన లేని మాటలు, కొన్నిసార్లు కోపం. చూసినవాళ్ళు తాగాడనుకుంటారు. మింగగలిగే తెలివి ఉంటే చక్కెర నీళ్ళో పండ్లరసమో తాగిస్తే పది పదిహేను నిమిషాల్లో తేరుకుంటాడు. తెలివి లేనివాడి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, మంచినీళ్ళు కూడా. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కవరులో అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి బిపి మాత్రలుంటే ఇంకో జాగ్రత్త. అవి నాడిని పరుగెత్తనివ్వవు. లోపల ఎంత ఆపద ఉన్నా నాడి 70 దగ్గర నెమ్మదిగా కొట్టుకుంటూ చూసేవాణ్ణి మోసం చేస్తుంది.

ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ, పొంతన లేకుండా ప్రవర్తిస్తే అది నీరసం దశ దాటిన అసలు వడదెబ్బ. శరీరంలో వేడి 40 డిగ్రీల సెల్సియస్ చేరిందని అర్థం. అప్పుడు ఆసుపత్రి దాకా ఆగకుండా అక్కడే తడిపి, విసిరి చల్లబరచాలి. చెమట ఉందా లేదా అన్నదాని మీద ఆధారపడకూడదు. శ్రమ చేస్తూ వడదెబ్బ తగిలినవాళ్ళకు చెమట ఉండనే ఉంటుంది. మాట తడబడుతోందా లేదా అన్నదే గీటురాయి. మూతి పక్కకు పోయినా, చేతులు రెండూ చాచమంటే ఒకటి వాలిపోయినా, అది పక్షవాతం. ఇంట్లోవాళ్ళను అడగాల్సింది ‘ఎప్పుడు చూశారు’ అని కాదు, ‘ఆఖరిసారి బాగా ఉన్నది ఎన్ని గంటలకు’ అని. మెదడులో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను ఆ ఘడియనుంచి నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి కాబట్టి ఆ సమయం డాక్టరుకు బంగారం.

ఇదంతా వినడానికి పొడుగ్గా ఉంది. చేస్తే రెండు మూడు నిమిషాలు. ఆ కొద్ది సమయంలో నిర్ణయం మారిపోతుంది. గుండె అనుమానం ఉన్న మనిషిని చంకల్లో చేతులు వేసి మెట్లెక్కించడం ఎంత ప్రమాదమో ఇప్పుడు తేటగా కనబడుతుంది. ఆయన్ని గట్టి కుర్చీలో కూర్చోబెట్టి, ముందొకరు వెనకొకరు పట్టి, పక్కన ఒకరు మెట్లు చెబుతూ పైకి మోయాలి. ఇరుకు దారిలో స్ట్రెచరు తిరగనిచోట కుర్చీయే మేలు. నేల కింద సెల్ సిగ్నల్‌ను నమ్ముకోకూడదు కాబట్టి, ఇద్దరిని ముందే పైకి పంపాలి: ఒకరు ఫోన్ చేయడానికి, ఇంకొకరు గేటు దగ్గర నిలబడి అంబులెన్సుకు దారి చూపడానికి.

కొలిమిగుండ్ల, బనగానపల్లె, బేతంచెర్ల చుట్టుపక్కల నాపరాతి గనుల్లో చూడాల్సింది ఇంకోరకం. పలక జారి కాలు మీద పడినవాడు అరుస్తాడు. అందరి కళ్ళూ ఆ కాలి మీదే. ఎత్తునుంచి పడి పక్కనే నిశ్శబ్దంగా కూర్చున్నవాణ్ణి ఎవరూ పలకరించరు. ఎక్కువమంది గాయపడ్డప్పుడు అమెరికాలో 1980లలో పుట్టిన ఒక పద్ధతిని చాలా దేశాల్లో వాడుతున్నారు. నడవగలిగినవాళ్ళంతా పక్కకు రండి అని మొదట పిలుస్తారు. మిగిలినవాళ్ళలో ఒక్కొక్కరి దగ్గర అర నిమిషం: ఊపిరి నిమిషానికి 30కి మించకుండా ఉందా, మణికట్టు నాడి అందుతోందా, చెప్పిన మాట చేస్తున్నాడా? మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా ఎర్ర చీటీ, ముందు బండి అతనికే. ఆళ్లగడ్డ మీదుగా కర్నూలు, కడప వైపు పోయే జాతీయ రహదారి మీద బస్సు బోల్తాపడ్డ రాత్రి అక్కడికి మొదట చేరే ఊరివాళ్ళకు ఈ మూడు ప్రశ్నలు తెలిసి ఉంటే, మొదటి అంబులెన్సులో కేకలు పెట్టేవాళ్ళకు బదులు ప్రాణం మీదికి వచ్చినవాళ్ళు వెళతారు. ఎత్తునుంచి పడినవాడి మెడను మాత్రం కదలనివ్వకూడదు. తలను రెండు చేతులతో నిలకడగా పట్టుకుని, ముందు మాట్లాడించి, కాలివేళ్ళు కదపమనాలి.

నల్లమల అంచు ఊళ్ళలో రాత్రిపూట వచ్చే ఆపద ఒకటి ఉంది. దానికి ఈ పరీక్ష ఇంకా పదునుగా ఉండాలి. నేల మీద పడుకున్న పిల్లవాడు తెల్లవారుజామున కడుపునొప్పి అని లేస్తాడు. ఒంటి మీద గాటు కనిపించదు. అజీర్తి అనుకుని వాము నీళ్ళు పట్టిస్తారు. కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి, మింగలేకపోతాడు, మాట ముద్దగా వస్తుంది. కట్లపాము కాటు ఇలాగే ఉంటుంది. నొప్పి, వాపు దాదాపు ఉండవు. నిద్రలో తెలియనే తెలియదు. ‘నాన్నా, తల కదపకుండా పైకి చూడు’ అంటే రెప్పలు లేవకపోవడం కళ్ళకు కనిపించే తొలి సాక్ష్యం. రక్తపింజర కాటైతే రక్తం గడ్డకట్టదు. ఆసుపత్రిలో శుభ్రమైన గాజు గొట్టంలో కొద్దిగా రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా పెడతారు. వంచితే ఇంకా నీళ్ళలా జారితే విషం పని చేస్తోందని తేలుతుంది. పెద్ద యంత్రం లేని చిన్న ఆసుపత్రిలోనూ ఇది జరుగుతుంది.

ఈ విద్యను తెలుగువాళ్ళ వీధి దాకా తెచ్చింది 108. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన ఈ సేవ తర్వాత ఎన్నో రాష్ట్రాలకు పాకింది. అంతకుముందు అంబులెన్సు అంటే పడుకోబెట్టి తీసుకెళ్ళే బండి మాత్రమే. 108లో డ్రైవరును పైలట్ అంటారు, వెనకాల ఇఎంటి అనే శిక్షణ పొందిన అత్యవసర వైద్య సహాయకుడు ఉంటాడు, ఫోనులో సలహా చెప్పే డాక్టరు ఉంటాడు. 2020 జులై 1న విజయవాడలో 108, 104 వాహనాలు వెయ్యికి పైగా ఒక్కరోజే ప్రారంభించారు. 2023 సెప్టెంబరులో నంద్యాలకు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ఇవన్నీ పెద్ద మార్పులే. అయినా బెలుం నుంచి తాడిపత్రికి దాదాపు ముప్ఫై కిలోమీటర్లు, నంద్యాల ఇంకా దూరం. బండి వచ్చేలోపు సమయం అక్కడున్నవాళ్ళ చేతుల్లోనే ఉంటుంది.

ఫోను ఎత్తినవాళ్ళు ప్రశ్నలు అడిగితే చాలామంది విసుక్కుంటారు: ‘ముందు బండి పంపండి, తర్వాత అడగండి’ అని. అడిగే ప్రతి ప్రశ్నా ఈ పరీక్షలోదే. ఏ చోటు, ఎంతమంది, మాట్లాడుతున్నారా, ఊపిరి ఎలా ఉంది, రక్తం పోతోందా? ఇప్పటిదాకా చెప్పుకున్న వరుసలో చూసినవాడు వీటికి తడుముకోకుండా జవాబిస్తాడు. ‘బెలుం గుహలు, కొలిమిగుండ్ల మండలం, మెయిన్ గేటు. ఒక్కరే. వయసు 55. తెలివిలో ఉన్నాడు. చల్లచెమటలు, చాతీలో బరువు, అరగంటైంది. నాడి 110, ఊపిరి 24. షుగరుకు మాత్రలు వాడుతాడు.’ ఈ పది ముక్కలు విన్న ఇఎంటి దారిలోనే ఏ సామాను దించాలో నిర్ణయించుకుంటాడు.

ఒకసారి చూసి వదిలేయడం మాత్రం కుదరదు. పరిస్థితి బాగోలేని మనిషిని ఐదు నిమిషాలకొకసారి, నిలకడగా ఉన్నవాణ్ణి పావుగంటకొకసారి మళ్ళీ మొదటినుంచి చూడాలి: మాట, ఊపిరి, నాడి, చర్మం. చూసిన టైముతో సహా కాగితం మీదో అరచేతిలోనో రాసుకోవాలి. మొదటి నాడి 110, ఐదు నిమిషాలకు 124, ఇంకో ఐదుకు 136 అంటే లోపల ఏదో జరుగుతోంది. పేషెంట్ ‘బాగానే ఉన్నా’ అంటున్నా సరే. 108 వచ్చాక ఆ కాగితం ఇఎంటి చేతిలో పెట్టాలి, మాత్రల కవరుతో సహా.

పోలీసు కేసని, కోర్టు చుట్టూ తిరగాలని భయపడి దగ్గరికి వెళ్ళనివాళ్ళు ఇంకా ఉన్నారు. రోడ్డు ప్రమాదాల విషయంలో ఆ భయం ఇప్పుడు అక్కర్లేదు. సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన ఆదేశం తర్వాత, 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేర్చారు. గాయపడినవాడికి మంచి ఉద్దేశంతో, ప్రతిఫలం ఆశించకుండా సాయం చేసినవాడి మీద కేసు ఉండదు. 2020లో వచ్చిన నిబంధనల ప్రకారం పోలీసులు గానీ ఆసుపత్రివాళ్ళు గానీ అతని పేరు, చిరునామా చెప్పమని బలవంతపెట్టకూడదు. పేషెంట్‌ను అప్పగించి, తాను చూసింది డాక్టరుకు చెప్పి, అతను వెంటనే వెళ్ళిపోవచ్చు.